పట్టిక చేజారిన రోయెల్ఫ్

రోయెల్ఫ్ కాలు విరిగి ఆసుపత్రిలో ఉండగా, గ్రోనింగెన్ రేడియో క్లబ్బువాళ్లు చేతులెత్తి ఓటేసి ఆయన పనిని కుర్రాడు యోరిట్‌కి ఇచ్చేశారు. ఆయనకు పూలగుత్తి పంపారు. కాలు అతికింది గాని పని తిరిగి రాలేదు. క్లబ్బు సొంత రేడియో నెట్‌వర్క్‌లో ఏ టవరు పేరుకు ఏ నంబరో చెప్పే పట్టికను అన్నేళ్లూ దిద్దింది ఆయనే. ఇప్పుడు రోజూ పొద్దున్నే కాఫీలో బిస్కెట్ ముంచుతూ కంప్యూటర్లో ఒక్కో పేరూ కొట్టి, జవాబొస్తోందో లేదో చూస్తాడు. తప్పు దొరకదు. బిస్కెట్ కాఫీలోనే కరిగిపోతుంది.

ఒక శనివారం అస్సెన్ టవరుకు పెట్టిన కొత్త పేరు కొడితే జవాబు రాలేదు. పట్టిక మార్చినప్పుడల్లా దాని తలమీది వరుస సంఖ్యను పెంచాలి, లేకపోతే మిగతా కంప్యూటర్లు ఆ మార్పును తీసుకోవు. యోరిట్ అది మరిచాడు. రోయెల్ఫ్ గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఫోను పక్కన కూర్చున్నాడు.

"రాజుగారేమైనా వస్తున్నారా మనింటికి?" అంది భార్య ఆల్చె.

"యోరిట్ ఫోన్ చేస్తాడు. చెయ్యక ఎక్కడికి పోతాడు?"

ఫోను మోగలేదు. భోజనాల వేళకి ఆ పేరుకు జవాబొచ్చింది; యోరిట్ తనే దిద్దేసుకున్నాడు.

మొన్న రేడియో సామాన్ల సంతలో ఎవరో యోరిట్ పనెలా ఉందని అడిగారు. రోయెల్ఫ్ పాత వైర్ల బుట్టలోంచి తలెత్తకుండానే అన్నాడు: "తప్పులు చేస్తాడు. చేస్తే చేశాడు, ఒక్కటైనా నా దాకా రానివ్వడు, వెధవ."