అత్తయ్య కట్టేసే స్విచ్చి

మా ఇంట్లో అరచేతిలో పట్టేంత కంప్యూటరు ఒకటుంది. సరదాకి కొనుక్కున్నాను. బళ్లో సైన్సు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, ఇంకా ఓపిక మిగిలితే దాని ముందు కూర్చుంటాను. డాబా మీద వాన కొలిచే గిన్నె పెట్టి, దాని తీగ కంప్యూటరుకే తగిలించాను. ఎంత వాన పడిందో అది లెక్క పెడుతుంది.

ఆ లెక్క అత్తయ్యకి కావాలి. మామయ్య పోయాక మిరపతోట ఒంటిచేత్తో నడిపిన మనిషి. మోకాళ్లు పట్టేసి పొలం కౌలుకిచ్చేశాక చేనుతో మిగిలిన సంబంధం వానొక్కటే. పొద్దున కాఫీ తాగకముందే అడుగుతుంది, "అమ్మాయ్, రాత్రి ఎంత పడింది?" అని. ఈ కార్తెలో ఇప్పటిదాకా ఎంతో కూడా చెప్పాలి. చెబితేనే ఆ పూట కుదురుగా ఉంటుంది.

మా ఊళ్లో కరెంటు చెప్పి పోదు. పోయినప్పుడల్లా కంప్యూటరు ఠక్కున ఆగి, లెక్క దాచుకునే చిన్న కార్డు పాడై, కార్తె లెక్కంతా పోయేది. అన్నీ మళ్లీ ఎక్కించేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. విసుగెత్తి, కరెంటు పోయినా కాసేపు నడిపించే బ్యాటరీ పెట్టె ఒకటి కొన్నాను. అయినా కార్డు పోయింది. మళ్లీ పోయింది. అమ్మినవాణ్ణి తిట్టుకున్నాను.

ఒక ఆదివారం నేనుండగానే కరెంటు పోయింది. అత్తయ్య కర్ర పట్టుకుని లేచింది. ఫ్యాను కట్టేసింది, ఫ్రిజ్ కట్టేసింది, నేరుగా వచ్చి బ్యాటరీ పెట్టె స్విచ్చి కూడా కట్టేసింది.

"అదెందుకు కట్టేశారు అత్తయ్యా?"

"కరెంటు వచ్చేటప్పుడు ఒక్కసారిగా కొడుతుందమ్మాయ్. మన బోరు మోటారు అట్లాగే కదా కాలిపోయింది. కాపు మీదున్న తోట కళ్లముందే ఎండింది. ఇదీ కాలితే వాన సంగతి నాకెవరు చెబుతారు?"

నాకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెప్పి చూశాను, బతిమాలాను, స్విచ్చి మీద టేపు అంటించాను. టేపు పీకి మరీ కట్టేసేది.

ఇక ఆవిడతో వేగలేక పెట్టెనే మార్చాను. అసలు స్విచ్చి వెనక్కి దాచి, ఆ చోట వేరేది బిగించాను. అది నొక్కితే బ్యాటరీ ఆగదు. కంప్యూటరే లెక్క భద్రం చేసుకుని మెల్లగా ఆగుతుంది, కరెంటు రాగానే తనే మళ్లీ మొదలవుతుంది. ఎంతసేపు కరెంటు లేకపోయినా భయం లేదు. అత్తయ్యకి ఈ సంగతి చెప్పలేదు. తన పని తను చేసుకుపోయింది. ఆ తర్వాత ఒక్క కార్తె లెక్కా పోలేదు.

మొన్న సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. కర్ర చప్పుడు కోసం చూశాను. వినిపించలేదు. గదిలోకి వెళితే మంచం మీద కూర్చుని ఉంది, కర్ర చేతిలోనే ఉంది.

"లేవలేకపోతున్నానమ్మాయ్. నువ్వే కట్టేసి రా."

వెళ్లి కట్టేశాను. ఆ స్విచ్చి నేను నొక్కడం అదే మొదటిసారి.

కాసేపటికే కరెంటు వచ్చింది. ఆ తర్వాత రాత్రంతా వాన. పొద్దున కాఫీ ఇచ్చి పక్కనే నిలబడ్డాను. అత్తయ్య ఎంత పడిందని అడగలేదు. నేనే చెప్పాను, కార్తె మొత్తంతో సహా.