పోస్టుకార్డు మీద పట్టినంత కవిత

“నాలుగూర్ల ముంగట నా ఇజ్జత్ తీస్తివి గదనే!”

“తియ్యలే అత్తమ్మా. ముందు మిగిలింది విను.”

“ఇంకా మిగిలిందా? ఇప్పటిదాంక తిట్టింది సాల్లేదా?”

“తిట్టుడు అయిపోయింది. మిగిలిందంత మెచ్చుకునుడే.”

“మెచ్చుకునేటిది ఇంట్ల దాసుకొని తిట్టేటిది పత్రికకు పంపినవా? మంచి తెలివే నేర్పింది మీ అమ్మ!”

“మా అమ్మ జోలికి పోకు.”

“పోతనే! రేపు పొద్దుగాల మొదటి బస్సుకు నిన్ను నేనే తోలుకపోత. మూట సదురుకో. గీ పత్రిక మీ అమ్మ ముంగట్నే సదివిస్త. ఇగ నువ్వు ఆడనే ఉండు, ఆడనే రాసుకో!”

మేమిట్ల అరుచుకుంటుంటే మా ఆయన అక్కడే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నడు. (ఆయన ఆ గుంటలోకి దిగిండంటే ఇంటికి నిప్పంటుకున్నా నేత ఆపేవాడు కాదు. తల్లీ పెండ్లామూ కొట్లాడుకునే ఇంట్లో మగవాడికి అంతకన్న భద్రమైన జాగా ఇంకోటి ఉండదని నాకు చాలా ఏండ్లకు అర్థమైంది.) అత్త చేతిలో పట్నం నుంచి వచ్చిన వారపత్రిక ఉన్నది. ఆమెకు చదువు రాదు. నా కవిత ఏ పేజీలో ఉన్నదో మళ్లీ దొరకదేమోనని, పొద్దున చూపించిన చోట పెట్టిన వేలు మధ్యాహ్నందాకా తీయలేదు. కొత్తగా రాసేవాళ్లకు మొదటి కవిత అచ్చయిన రోజు పండుగ అంటరు. నాకు మాత్రం మూట సర్దుకొమ్మన్న రోజు అయింది.

ఆ రోజుల్లో కవిత అచ్చు కావాలంటే ఇప్పటి లెక్క కాదు. ఇప్పటి పిల్లలు పొద్దున రాసింది పొద్దున్నే ఫోన్లో పెడతరు, అన్నం తినేలోపల నలుగురు బాగుందంటరు, వాళ్లు ఎవరో వీళ్లకు తెలియదు. మాకు కాగితం కావాలె, స్టాంపు కావాలె, అన్నిటికన్న ముందు ఇంట్లో ఎవరూ చూడని సందు కావాలె. నేను చదివింది నాలుగో తరగతి. అయిదుకు పక్క ఊరికి నడిచి పోవాలె అంటే మా నాయిన బడి మాన్పించిండు. బడి ఆగింది గానీ చదివే పిచ్చి ఆగలేదు. కిరాణా దుకాణం నుంచి పప్పు వస్తే, పప్పు డబ్బాలో పోసి పొట్లం కాగితం విప్పి చదివేదాన్ని. కథ సగంలో ఉంటే మిగతా సగం ఇంకెవరింటికి చింతపండు చుట్టుకొని పోయిందో అని బాధపడేదాన్ని. చదివినంక ఆ కాగితం మడిచి పొయ్యి ముట్టించడానికి దాచేదాన్ని. (కాగితాన్ని ఒక్క పనికే వాడి పారేసేవాళ్లంటే నాకు ఇప్పటికీ గిట్టదు.) ఆ పొట్లాల్లోనే కవితలు చూసిన. చిన్న చిన్న పంక్తులు, పక్కన బోలెడు తెల్లజాగా. ఇంత కాగితం దండుగ చేస్తున్నరంటే ఇందులో ఏదో గొప్పతనం ఉండి ఉంటదనుకున్న.

మాది రామన్నపేట దగ్గర నేతపనివాళ్ల వాడ. రోజంతా రాట్నం ముందర కూర్చొని కండెలు చుట్టడం నా పని. రాట్నం తిరుగుతుంటే మాటలు వాటంతట అవే వరుసగా వచ్చేవి. అట్ల వచ్చినదే అత్త మీద కవిత. మొత్తం ఇరవై నాలుగు పంక్తులు. మొదటి నాలుగిట్ల ఉంటయి:

“అత్తమ్మ కన్నులు నా మీదె కావలి,
ఉప్పు పిరమన్నది, ఉడుకునీళ్లొద్దన్నది,
నూనె బొట్టుకు గూడ నూరు మాటలన్నది,
పుట్టింటి దారికి ముళ్లకంప ఏసింది.”

ఇక్కడిదాకా వింటే అత్త రాక్షసి. అయిదో పంక్తి నుంచి అసలు సంగతి మొదలయితది. నాకు జ్వరమొస్తే ఆమె ఏం చేసింది, పుట్టింటికి ఎందుకు పోనియ్యలేదు, అన్నీ ఉంటయి. ఒక పక్క నేసి రెండో పక్క తిప్పి చూపించినట్టు రాసిన అన్నమాట. నాకు నేనే మెచ్చుకున్న.

మెచ్చుకొని చేసిన పని వినండి. మా ఇండ్లలో కొత్త అంచు ఏదన్న వేస్తే మొత్తం చీర నేసి సావుకారికి పంపేవాళ్లం కాదు. జానెడు నేసి, కోసి, ఆ ముక్క పంపేవాళ్లం. నచ్చితే ‘కానియ్యండి’ అని కబురొస్తది, అప్పుడు చీర నేస్తం. నచ్చకపోతే జానెడే నష్టం. కవితకు వేరే న్యాయం ఎందుకుంటదనుకున్న? పత్రికాయన సావుకారి, నాది సరుకు. ఆయనకు నచ్చుతదో లేదో తెలియకుండ ఇరవై నాలుగు పంక్తులు కవర్లో పెట్టి పంపుడెందుకు? ఒక పోస్టుకార్డు తీసుకొని దాని మీద పట్టినంత, అంటే మొదటి నాలుగు పంక్తులు, మంచిగ గుండ్రంగ రాసి పంపిన. ఇది నమూనా అని రాయలేదు. రాయాల్సిన పని కనిపించలేదు. జానెడు ముక్కను చూసి ఎవరన్న చీర అనుకుంటరా?

కింద నా పేరు కూడ రాయలేదు. ఆడపిల్ల పేరు అచ్చులో పడితే ఇంటి మర్యాద పోతదని భయం. అందుకని ఎంతో వినయంగా ‘పెద్దమగ్గపోళ్ల కోడలు’ అని రాసి ఊరి పేరు వేసిన. మా ఇంట్లో మగ్గం అందరికన్న వెడల్పుది, అందుకే ఆ పేరు. పెద్దమగ్గపోళ్లది ఒక్కటే ఇల్లు. ఆ ఇంట్లో కోడలొక్కతే. ఆ కోడలికి అత్తా ఒక్కతే. నా పేరు దాచి ఆమెను పట్టించినట్టయిందని నాకు తోచనే లేదు.

మా ఊళ్లో టపా పని చూసేది బడి సారే. కార్డు తీసుకొని, ఒకసారి కార్డునూ ఒకసారి నన్నూ చూసి, “మంచిదమ్మా” అన్నడు. అంతే. నేను ‘కానియ్యండి’ అన్న కబురు కోసం కండ్లు కాయలు కాచేటట్టు చూసిన. కబురు రాలేదు, పత్రికే వచ్చింది.

అదీ ఎప్పుడు వచ్చింది? మేం వీధిలో పడుగు సాపిన పొద్దున వచ్చింది. నేతకు ముందు నిలువు దారాలన్నిటినీ వాడ పొడుగునా చాపి, గంజి పట్టించి, అది ఆరేలోపల కుంచెతో దువ్వాలె. నడుమ ఆపితే దారం దారం అతుక్కొని సరుకంతా పాడు. అందుకే వాడంతా వచ్చి చెయ్యేస్తరు, చెయ్యేసినవాళ్లు పని అయ్యేదాకా కదలరు. కవిత వినిపించడానికి అంతకన్న మంచి సభ దొరకదని సారు అనుకున్నడో ఏమో, పత్రిక ఊపుకుంట వచ్చిండు.

“పెద్దమగ్గమ్మా! మీ కోడలు కవిత్వం పట్నంల అచ్చయింది!”

అత్త ముఖం వెలిగిపోయింది. “నా కోడలా? సదువు సారూ, గట్టిగ సదువు. అందరు ఇనాలె!”

సారు గట్టిగనే చదివిండు. పైన పత్రికాయన తనంత తానే ‘చెరసాల’ అని పేరు పెట్టిండు. తర్వాత నాలుగు పంక్తులు. కింద చిన్న అక్షరాల్లో ఒక మెచ్చుకోలు: ‘ఎక్కడ ఆపాలో తెలిసిన రచయిత్రి’ అని.

వాడ వాడంతా కుంచెలు దువ్వుకుంటనే అత్త దిక్కు చూసింది. మా పక్కింటి వదినె ఒకామె ఉండేది, ఊరి వార్తలన్నీ ఆమెనే చాటేది కాబట్టి రేడియో వదినె అనేవాళ్లం. ఆమె తల ఎత్తి, “సారూ, నూనె కాడ సరిగ్గ ఇనవడలే. ఇంకొక్కసారి సదువుండ్రి” అన్నది. సారు పాపం, ఇంకొక్కసారి చదివిండు. అత్త కుంచె ఆపలేదు. ఆపితే పడుగు పోతది. పండ్లు కొరుకుతూ దువ్వుతనే ఉన్నది. ఆమె కోపమంతా ఆ పడుగు మీదనే తీరింది. దువ్వుడు అయిపోయి, చేతులు కడుక్కొని, సారు చూపించిన చోట వేలు పెట్టి, ఆయన చేతిలోంచి పత్రిక గుంజుకొని ఇంట్లోకి నడిచింది. ఆ తర్వాత జరిగిందే మీరు మొదట విన్న కొట్లాట.

నాకు పుట్టింటికి పోవడం బాధ కాదు. పోతే ఆ నాలుగు పంక్తులే నిజమైతయి, మిగిలిన ఇరవై నేను దొరికిపోయినంక అల్లిన అబద్ధాలైతయి. అది నాకు మింగుడు పడలేదు. కానీ బతిమాలే బుద్ధి నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మూట సర్దలేదు. రాట్నం ముందర కూర్చొని, గోడ దిక్కు మొఖం పెట్టి, మిగతాది పాడుడు మొదలుపెట్టిన. అత్త వంటింట్లో గిన్నెలు ఎత్తి పడేస్తున్నది. నేను గొంతు పెంచితే ఆమె గిన్నెలు పెంచుతది. అట్ల పోటీ పడుకుంటనే ఇక్కడికొచ్చిన:

“నొసలు కాలిన నాడు నొసటి మీద చెయ్యయింది,
తన గిన్నెల ముద్ద నా గిన్నెల ఏసింది,
తలకు లేదన్న నూనె నా కాళ్లకు రాసింది,
అమ్మవారు పోసిన ఊరికి పోనియ్యక
దారికడ్డము వడి నా పానం గాసింది.”

గిన్నెల చప్పుడు ఆగింది. కొంచెం సేపటికి అత్త గడపలో నిలబడ్డది.

“కాళ్లకు గాదు, అరికాళ్లకు.”

“ఏంది?”

“నూనె. అరికాళ్లకు రాసిన. కాళ్లకంటే ఎంత నూనె అయితదో ఎరికేనా? సదివినోళ్లు నన్ను దుబారా మనిషనుకుంటరు.”

“సరే, అరికాళ్లకు.”

“గివన్ని ఎందుకు రాయలే?”

“రాసిన. కార్డు మీద పట్టలే.”

“పట్టకపోతే తిట్లు ఇడిచిపెట్టి గివి రాయొద్దా? నెత్తిల మెదడున్నదా?”

“తిట్లు మొదలొచ్చినయి అత్తమ్మా. ఒక పక్క అయినంక గద రెండో పక్క.”

“కోడండ్లకు తిట్లే మొదలొస్తయి!” అని, నా పక్కన కూలబడి, “ఇప్పుడే అల్లినవేమో, నాకేం ఎరిక” అని గొణిగింది. అప్పుడు మగ్గం గుంటలోంచి మా ఆయన ఆ రోజంతటికీ ఒకే ఒక మాట మాట్లాడిండు: “నెల సంది గిదే పాట ఇంటున్న. అరికాళ్లు ఒక్కటే కొత్తది.” మళ్లీ నేతలో పడ్డడు. ఆ మనిషి మీద నాకు అంత ప్రేమ ముందెన్నడూ కలగలేదు. ఆ మాట పొద్దుగాలనే అని ఉంటే ఇంకా కలిగేది.

మిగిలిన ఆ ఇరవై పంక్తులు ఏ పత్రికలోనూ అచ్చు కాలేదు. ముగిసిందని మెచ్చుకున్న కవితకు పత్రికవాళ్లు మళ్లీ పంక్తులు తగిలించరని తర్వాత తెలిసింది. ఆ తర్వాత నావి నాలుగైదు వచ్చినయి గానీ, అన్నీ మొత్తం రాసి, కవర్లో పెట్టి పంపినవే. కొత్తగా రాసేవాళ్లకు నేను చెప్పే బుద్ధి ఇదొక్కటే: పంపితే మొత్తం పంపండి, స్టాంపుకు వెనకాడకండి. (స్టాంపుకు వెనకాడొద్దని నేను చెప్పడం మా ఇంట్లోవాళ్లు వింటే నవ్వుతరు.) ఇప్పుడు నేను అప్పటి అత్త కన్న ఎంతో పెద్దదాన్ని. నూనె సీసా నా గదిలోనే ఉంటది. మా కోడలు ఫోన్లో ఏదో టకటకా రాస్తుంటే, “నా గురించేనా?” అని మొన్న అడిగిన. కాదన్నది. ఎందుకో కొంచెం చిన్నబోయిన.

ఆ కొట్లాట అయిన మర్నాడు పొద్దున మొదటి బస్సు వచ్చింది, పోయింది. అత్త నన్ను వెంటపెట్టుకొని సారు ఇంటికి పోయింది, కవర్ అడిగి తీసుకున్నది. అరుగు మీద కూర్చోబెట్టి ఇరవై పంక్తులూ నాతో రాయించింది. ‘అరికాళ్లకు’ అన్న మాట మీద తన వేలు పెట్టించుకొని చూసింది. సారు కవర్ అంటించబోతూ, “ఇంకేమన్న రాయాల్నా పెద్దమ్మా?” అని అడిగిండు.

“నేను సావకముందే అచ్చెయ్యమని రాయి సారూ, ముసలిదాన్నయితి” అన్నది. అప్పటికి ఆమెకు యాభై కూడ నిండలేదు.

సారు రాసిండు. మేం ఇంటికొచ్చి జొన్న గటక మజ్జిగలో కలుపుకొని తాగినం. ఆమె వంటింట్లోకి పోయింది, నేను రాట్నం ముందర కూర్చున్న.