నడుముకు కట్టిన తాడు

మిత్రులారా, ఈ ఉదయం మొగల్తూరు దగ్గర రొయ్యల చెరువులో ఒడిశా కూలీ ఒకాయన తన పిల్లవాడి నడుముకు తాడు కట్టి పడవలో కూర్చోబెట్టుకున్నాడు. గట్టు మీది కుర్రాళ్ళు ఫోన్లు తీసి, "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడిలా ఉన్నాడండి" అన్నారు. రాత్రి బడిలో చదివి పట్టా పొందిన నేను ఆ పిల్లవాడు ఆయన కొడుకేనని ఓపికగా వివరించాక కుర్రాళ్ళు వెళ్ళిపోయారు.

నీళ్ళలో పడకుండా మన చిన్నతనంలోనూ పిల్లలను అలాగే కట్టేవారు, గుర్తుందా? మేము శ్రీకాకుళం నుంచి ఇక్కడికి చేపల వేటకు వచ్చిన కొత్తలో, నాన్నగారు ఆ తాడు విప్పడం మరచి నన్ను ఒడ్డుకు దింపారు. తడిసిన కొబ్బరి తాడు నడుమును ఒరుసుకుంటోంది. దాని కొస ఆయన చేతిలోనే ఉంది. జనం కర్రలతో చుట్టుముట్టారు.

"ఎవడ్రా నువ్వు? ఎవరి పిల్లాణ్ణి కట్టేసి తెచ్చావు?"

"నా గుంటడే బాబూ!"

మా యాస విని వారికి అనుమానం పెరిగింది. "ఏరా అబ్బాయ్, వీడు నీకేమవుతాడ్రా?" అని నన్ను అడిగారు. ఒకడు కర్ర ఎత్తాడు. నేను పరుగున వెళ్ళి నాన్నగారి కాళ్ళను చుట్టేసుకున్నాను. అది చూసి వాడు కొట్టకుండానే కర్ర దించేశాడు.

అమ్మ ఎంత చెప్పినా, నాన్నగారు నన్ను మళ్ళీ తాడుతో కట్టలేదు. ఈత రాని నేను, అలలు ఎగసినప్పుడల్లా పడవ చెక్కను రెండు చేతులా పట్టుకుని కూర్చునేవాణ్ణి.