సన్యాసిరావు హస్తవాసి

పదిహేడేళ్ళుగా ఒక కుందేలు పళ్ళు నా గుండెలో దిగబడి ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకూ చెప్పలేదు. కుందేలు పళ్ళకి ఇంత బాధేమిటని నవ్వుతారని భయం. మీరు నవ్వరనుకుని చెబుతున్నాను.

రాయపూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు సన్యాసిరావుది. విజయనగరం మనిషి, ఫిట్టరు. నేను గుమస్తాని. బదిలీ మీద వెళ్ళిపోతూ ఒక గార్డు తన తెల్ల కుందేళ్ళని మా ఇద్దరికీ చెరో జత ఇచ్చాడు. అన్నీ ఒకే గూటివి.

నేను వాటికి డైరీ పెట్టాను. ఏ రోజు జత కట్టించానో, ముప్పై ఒక్క రోజులు ఎప్పటికి నిండుతాయో, ఏ పిల్ల దేనికి పుట్టిందో, అన్నీ అందులో ఉండేవి. సన్యాసిరావు ఏమీ రాసేవాడు కాదు. అయినా నా గూట్లో పుట్టినవి సగం పోయేవి. గార్డు ఇచ్చిన జతలో అతని ఆడ కుందేలు ముత్యాలు ఈనితే ఏడుకి ఏడూ బతికేవి. హస్తవాసి అనేవారు అందరూ. కాలనీలో ఎవరు ఆనప పాదు పెట్టినా మొదటి గింజ అతని చేతే వేయించేవారు. అన్నప్రాసనలకి పిలిచి మొదటి ముద్ద పెట్టించేవారు. కుందేలు పిల్లల కోసం గుఢియారీ బస్తీ నుంచి కూడా జనం వచ్చేవారు. "ఇంట్లో కుత్తా ఉందా? రోజూ గడ్డి ఎవరు వేస్తారు?" అని నిలదీసి, ఆరు వారాలు నిండాకే ఇచ్చేవాడు. ఆ పద్ధతి నేను నేర్పిందే. పేరు మాత్రం అతనిది.

ఒకరోజు నా భార్య, "వాళ్ళ పిల్లనొకదాన్ని తెచ్చుకుందామా? బొద్దుగా ఉంటాయి" అంది. ఆ రోజు డైరీ ఇప్పుడు తీసి చూశాను. 'తలనొప్పి' అని ఉంది. అది తలనొప్పేనా?

ఆ వానాకాలం అతని పోతు కుందేలు చచ్చిపోయింది. ముత్యాలుకి జత కావాలని నా దగ్గరికొచ్చాడు. నా దగ్గర రెండు పోతులుండేవి. ఒకటి నాగపూర్ నుంచి తెప్పించింది, వేరే రక్తం. రెండోది గార్డు ఇచ్చినవాటికి పుట్టింది. చూడ్డానికి అదే అందంగా ఉండేది. కాని దాని కింది పళ్ళు పైపళ్ళని దాటి పెరిగేవి. నెలనెలా కత్తిరించకపోతే మేత నమలలేదు. దాని తోబుట్టువు అలాగే తినలేక చచ్చింది. 'దీన్ని జత కట్టించరాదు' అని ఎర్ర సిరాతో నేనే రాసుకున్నాను.

మర్నాడు రమ్మన్నాను. పొద్దున్న ఏడింటికి, అతను రాకముందే, గోళ్ళ కత్తెరతో ఆ పోతు పళ్ళు సమంగా కత్తిరించాను. నెలనెలా కత్తిరించే గడువుకి ఇంకా పది రోజులుంది.

అతను ముత్యాలుని బుట్టలో తెచ్చాడు.

"ఏది మాస్టారూ, మా పెళ్ళికొడుకు?"

చూపించాను.

"అబ్బో, సోకైనవాడే! పళ్ళూ అవీ చూడాలా?"

"చూసుకో."

"మీ బుక్కులో ఎక్కినోడిని నేను చూసేదేటండి? మీ బుక్కులో నా జాతకం కూడా ఉండే ఉంటాది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. అదే ఎక్కువగా గుర్తొస్తుంది, నవ్వడం.

ఏడు పుట్టాయి. ఆరు వారాలకి ఎప్పటిలాగే మనుషుల్ని ఎంచి ఎంచి ఇచ్చాడు. నెల తిరగకముందే ఒక్కొక్కరే వెనక్కి తెచ్చారు. తినడంలేదన్నారు. సన్యాసిరావు డ్యూటీ నుంచి వచ్చి, నానబెట్టిన శనగలు రుబ్బి వేలితో నాకించేవాడు. ఐదు పోయాయి. పళ్ళు కత్తిరిస్తే బతుకుతాయని నాకు తెలుసు. గోడ అవతలే ఉన్నాను. ఎందుకు వెళ్ళలేదు? వెళితే, పళ్ళ సంగతి నాకెలా తెలుసని అడుగుతాడు. అంతేనా? కాదు. అతని పిల్లలు కూడా చావడం చూడాలని నాకు ఉండేది. ఈ మాట రాయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

తరవాత ముత్యాలుని నా గుమ్మంలో దింపాడు. "నా చెయ్యి పాడైపోనాది మాస్టారూ. మీకాడుంటే బతుకుతాది" అన్నాడు. నేను కాదనలేదు. నాగపూర్ పోతుతో జత కట్టిస్తే నా గూట్లో ఎనిమిది పుట్టాయి, ఎనిమిదీ బతికాయి. నాకు హస్తవాసి వచ్చిందన్నారు.

అతను మళ్ళీ ఎవరి పాదుకీ గింజ వేయలేదు.

ఈ నెల విజయనగరం నుంచి కార్డు రాశాడు. మనవరాలి అన్నప్రాసన బాగా జరిగిందట. మొదటి ముద్ద మాత్రం తను పెట్టలేదట. "నా చెయ్యి సంగతి మీకు తెలుసు కదా" అని రాశాడు.

తెలుసు. నాకొక్కడికే తెలుసు.

జవాబు రాయాలి. రాసే ధైర్యం ఉందో లేదో తెలియదు. క్షమించమని అడిగే అర్హత అసలు లేదు. ఆనాటి పేజీ తీశాను. 'ముత్యాలు జతకి వచ్చింది. ఎండ' అని మాత్రమే ఉంది. ఏ పోతుతోనో లేదు, పళ్ళ సంగతీ లేదు. నా డైరీలన్నిటిలో తెలిసి తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. కింద మిగిలిన ఖాళీలో ఇవాళ రాశాను: 'పొద్దున్న ఏడింటికి పోతు పళ్ళు కత్తిరించాను. ఓర్వలేక.'

సిరా ఆరేదాకా పేజీ మూయలేదు.