డిటెక్టర్ పట్టుకోని జంటలు

ఈ ఉదయం ప్రయోగశాలలో కొత్త నల్లటేపు చుట్ట విప్పాను. ఆ జిగురు వాసనకి సింహాచలం మాస్టారు గుర్తొచ్చారు. విజయనగరంలో నా పరిశోధనకి ఆయనే గైడు. పోయి ఏడాది కావస్తోంది. లేజర్ వెలిగించే ముందు పరికరాల పెట్టె సందులన్నిటికీ టేపు వేయించి, వెలుగు లేకుండానే కాంతిని పసిగట్టే డిటెక్టర్లు ఆన్ చేయించేవారు. అయినా అవి అప్పుడప్పుడు టిక్కుమనేవి. "సూసినావా? ఏటీ రాకుండానే వచ్చిందంటాది. ముందు దీని అబద్ధాలు ఇనమ్మా, నిజం తరవాత ఇందువుగాని" అనేవారు.

ఒకేసారి పుట్టిన రెండు కాంతి కణాలను చెరొక డిటెక్టర్‌కి పంపి, వాటి మధ్య క్వాంటమ్ ఎంటాంగిల్‌మెంట్ అనే విడదీయలేని సంబంధం ఉందని చూపడం మా పని. రెండు వైపుల ఫలితాలు ఒక హద్దు దాటి సరిపోలితే ఉన్నట్టు. ఒకరోజు నా అంకె హద్దు దాటింది. ఆ ఫలితంతో పేపరు అచ్చయితేనే నాకు ఉద్యోగం. పరుగున వెళ్లి చూపించాను.

ఆయన కాగితాలు తిరగేశారు. "ఒక పక్కే టిక్కుమన్న జంటల్ని ఏటి సేసినావు?"

"తీసేశాను మాస్టారూ. రెండోదాన్ని డిటెక్టర్ చూడలేదు కదా."

"ఇది వచ్చినవాట్లో సగం కూడా సూడదు. సూసినవి దానికి నచ్చినవేనేమో! మన మాట ఒప్పుకున్నోళ్లనే పిలిచి పంచాయితీ పెట్టి, ఊరంతా ఒప్పుకున్నాదంటావేటి?"

"అయితే ఎంటాంగిల్‌మెంట్ లేదంటారా?"

"నేదని ఎవులన్నారు? ఉన్నాదని సెప్పలేమన్నాను."

నాకు ఒళ్లు మండింది. ఉందో లేదో తేల్చని గురువెందుకని ఆయన పేరు తీసేసి పేపరు పంపేశాను. ఆయనతో మాట మానేశాను. రెండు నెలలకి, ఎవరూ అడగకుండానే, తీసేసిన జంటలన్నిటినీ కలిపి మళ్లీ లెక్క చేశాను. అంకె హద్దు లోపలే ఆగింది. పేపరు వెనక్కి తీసుకున్నాను.

ఆ సంగతి చెప్పాలనుకునేసరికి ఆయన శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నారు. పక్షవాతం, స్పృహ లేదు. చెవి దగ్గర వంగి, "పేపరు వెనక్కి తీసేసుకున్నాను మాస్టారూ" అన్నాను. రెప్ప కదల్లేదు.

"ఆయనకి ఇనపడదులేమ్మా" అన్నారు పక్కనున్న ఆయన భార్య. దుప్పటి సర్దుతూ మళ్లీ ఆవిడే, "ఏమో, ఇంటన్నారో ఏటో. నానైతే రోజూ సెప్తనే ఉన్నాను" అన్నారు.

మూడో రోజున ఆయన పోయారు.

విన్నారనడానికి నా దగ్గర ఆధారం లేదు. వినలేదనడానికీ లేదు. ఒక్కోరోజు విన్నారనే అనుకుంటాను. అలా అనుకున్న రోజునే అనుమానం మొదలవుతుంది, నాకు నచ్చినదాన్నే ఏరుకుంటున్నానేమోనని.