నెమలికంఠం రంగు కత్తి

ఆ కత్తిని నేను ఢిల్లీలో ఒక హస్తకళల మేళాలో కొన్నాను. స్టెయిన్‌లెస్ కాదు, కార్బన్ స్టీలు. కమ్మరి స్వయంగా కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి చేసినది. పిడి అక్రోటు కర్ర. పట్టుకుంటే అరచేతిలో ఒదిగిపోతుంది. వాడగా వాడగా దానిమీద నీలి నలుపు పొర కడుతుందనీ, తుప్పు పట్టకుండా అదే కాపాడుతుందనీ, దాన్ని పోగొట్టుకోవద్దనీ అతను మరీ మరీ చెప్పాడు.

ఆ పొర కోసం రెండేళ్ళు నేను పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. కోసిన వెంటనే కడగడం, పొడిగుడ్డతో తుడవడం, వారానికోసారి నూనె చుక్క రాయడం. ఘాజియాబాద్‌లోని మా ఫ్లాట్‌లో దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టుకోకూడదని హుకుం జారీ చేశాను. చివరికి పొర నెమలికంఠం రంగుకి తిరిగింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేవాణ్ణి.

"అందులో సగం సేవ నాకు చేసినా బాగుపడుదును" అనేది మా ఆవిడ.

ఈ ఎండాకాలం మొదట్లో మా అత్తగారు మోకాళ్ళ ఆపరేషన్ చేయించుకుని, కోలుకోవడానికి కాకినాడ నుంచి మా దగ్గరికి వచ్చారు. నేల మీద కూర్చోకూడదన్నారు డాక్టర్లు. జన్మంతా కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరిగిన మనిషి ఆవిడ. ఏ పని ముట్టుకోబోయినా "నువ్వు రెస్టు తీసుకోమ్మా" అని కూతురు కుర్చీలో కూర్చోబెట్టేది. మూడు వారాలకి ఆవిడ ముఖం వాడిపోయింది. అల్లుడితో నేరుగా మాట్లాడే అలవాటు లేదు కాబట్టి, నేను ఎదురుగా ఉండగానే కూతురితో చెప్పారు.

"అల్లుడుగారితో చెప్పి నాకు టికెట్టు చేయించవే. ఇక్కడ నేనెందుకు, దండగ."

మోకాళ్ళు ఇంకా కుదురుకోలేదు, ఫిజియోథెరపీ సగంలో ఉంది. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. నాకూ బాధేసింది.

ఆ ఆదివారం కూరగాయల బండి మీద పనసకాయ కనిపించింది. "కాట్ దూ క్యా, భయ్యా?" అన్నాడు బండివాడు, కోసివ్వమంటారా అని. ఇక్కడివాళ్ళు ముక్కలు కోయించుకుని వండుకుంటారు. మా గోదావరి వాళ్ళకి పనసకాయ అంటే పొట్టు కూరే. కాయనంతా సన్నగా పొట్టులా కొట్టాలి. కాయ కాయంతా ఇంటికి మోసుకొచ్చి, వీడియో చూస్తూ నా కత్తితో కొట్టడం మొదలుపెట్టాను. పది నిమిషాల్లో చేతులకీ, చొక్కాకీ, ఫోనుకీ జిగురే జిగురు. పొట్టు మాత్రం రాలేదు, మొద్దులు వచ్చాయి.

కుర్చీలోంచి చూస్తున్న అత్తగారు ఇక ఆగలేకపోయారు. చేతికర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చేశారు.

"ముందు చేతులకి నూనె రాసుకోవద్దూ బాబూ! ఇలా ఇవ్వండి."

రెండేళ్ళ నా హుకుం ఆ ఒక్క మాటతో రద్దయిపోయింది. కత్తి చేతికందిస్తే తగువులొస్తాయని మా ఇళ్ళలో పట్టింపు, అందుకని గట్టు మీద పెట్టాను. ఆవిడ తీసుకుని, గట్టుకి నడుం ఆనించి నిలబడ్డారు. టకటకా టకటకా... మణికట్టు ఒక్కటే కదులుతోంది.

"మాంచి పదునుగా ఉందే! నించుని కూడా కొట్టచ్చన్నమాట" అనుకున్నారు తనలో తనే.

అరగంటలో పళ్ళెం నిండా పొట్టు. ఆవ పెట్టిన ఆ కూరతో ముగ్గురం గిన్నె ఖాళీ చేశాం. నేను సుష్టుగా తిని ఒక కునుకు తీశాను. అదే నేను చేసిన పొరపాటు.

లేచి వచ్చేసరికి కత్తి గట్టు మీద తళతళా మెరిసిపోతోంది. పక్కనే చింతపండు పిప్పి, పూజ సామాను తోమే పొడి. నెమలికంఠం రంగు మచ్చుకైనా లేదు.

"రెండేళ్ళ మురికి బాబూ, ఒక పట్టాన వదల్లేదు. మా అమ్మాయికి కత్తి తోమడం కూడా నేర్పలేదు, నాదే తప్పు" అన్నారు అత్తగారు. చెమటపట్టిన ఆ ముఖం మూడు వారాల్లో మొదటిసారి వెలిగిపోతోంది.

నాకు కోపం నోటిదాకా వచ్చింది. ఆవిడ వెనక మా ఆవిడ రెండు చేతులూ జోడించి నన్నే చూస్తోంది.

"కొత్తదానిలా ఉందండీ, అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ కత్తిని కిటికీ వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు.

"ఆ టికెట్టు అప్పుడే చెయ్యకండి బాబూ. నేను వెళ్ళిపోతే మీ ఇంట్లో దీన్ని రోజూ తోమేవాళ్ళేరీ?"