మాడ్లేనా చెప్పిన వరస

మేం వలస వచ్చి స్థిరపడిన కానెస్టోగా వాగు ఒడ్డున ఒబెర్లీ అనే ఒక్క ఇంటిపేరుతోనే ముగ్గురు క్రిస్టెన్‌లుండేవాళ్లు. వాగు క్రిస్టెన్, కుంటి క్రిస్టెన్, తేనె క్రిస్టెన్. ముగ్గురికీ మళ్లీ క్రిస్టెన్ అనే కొడుకులు. అది చాలదన్నట్టు, పసితనంలో పోయిన బిడ్డ పేరే తర్వాతి బిడ్డకు పెట్టడం సముద్రం అవతలి బెర్న్ కొండల నుంచి మా వాళ్లు వెంట తెచ్చుకున్న ఆచారం. పోయినవాడెవడో ఉన్నవాడెవడో దేవుడికే తెలియాలి. దేవుడి తర్వాత మాడ్లేనాకు తెలుసు.

మా సంఘంలో దగ్గరి చుట్టాలకు పెళ్లి కుదరదు. అన్నదమ్ముల బిడ్డలైనా, అక్కచెల్లెళ్ల బిడ్డలైనా, చివరికి అన్నాచెల్లెళ్ల బిడ్డలైనా సరే, తోబుట్టువుల కిందే లెక్క. అందుకని పెళ్లిమాట అనుకున్నవాళ్లు ముందు మాడ్లేనా గడప తొక్కేవాళ్లు. ఒకసారి తేనె క్రిస్టెన్ తన కొడుకు పెళ్లి సంగతి అడగడానికి వచ్చాడు.

"వాగవతల పిల్ల మావాడికి ఏమవుతుంది మాడ్లేనా?"

ఆమె క్యాబేజీ తరగడం ఆపలేదు. "మీ తాత రెండో పెళ్లాం ఉందే, ఆవిడ మొదటి మొగుడి కూతురు ఆ పిల్లకి నాయనమ్మ. రక్తం కలవలేదు. చేసుకోమను."

"అబ్బబ్బ, తల తిరిగిపోతోంది!"

"తిరిగితే తిరిగింది. పిల్ల మంచిది."

ఆమె చెప్పిన వరస తప్పిందన్న మాట ఏనాడూ వినలేదు. సంఘపెద్ద బెండిక్ట్ కూడా, "మాడ్లేనా ఔనందా? అయితే సరే" అనేవాడు. భర్త ఊలి పోయి చాలా ఏళ్లయింది. ఉన్నది ఒక్కగానొక్క కూతురు, ఆనెలి. పరాయి దేశంలో మొగుడు లేని మనిషిని నలుగురూ గౌరవంగా చూశారంటే ఆ మాట నిలకడ వల్లే. ఇందరి ముడులు విప్పిన ఆ మనిషి తన ఇంట్లో ఒక ముడిని మాత్రం అలాగే ఉంచుకుంది.

ఆనెలి, నిక్లాస్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. నిక్లాస్ ఎవరో కాదు, మాడ్లేనా సొంత చెల్లెలు ఎల్స్‌బెత్ కొడుకు. సంగతి బయటపడగానే ఎల్స్‌బెత్ రెండు చేతులతో తల పట్టుకుంది. "ఊరందరి వరసలూ చెబుతావు కదే అక్కా, నీ ఇంట్లో పిల్లకి చెప్పుకోలేకపోయావా? వాడు దానికి అన్నయ్యే!" అంది. నిక్లాస్ సామాను మూట కట్టుకుని దక్షిణాన వర్జీనియా లోయకు పోతానన్నాడు. ఆనెలి ఏడవలేదు, అరవలేదు. తిండి మానేసింది. చెంబెడు పాలు ముందు పెడితే మీగడ కట్టి అలాగే ఉండేవి.

ఆ పాలను మాడ్లేనా రోజూ పారబోసి మళ్లీ కొత్తవి పెట్టేది. పెళ్లి జరిగే దారి ఒకటుందని ఆమెకు తెలుసు. ఆ దారిన పోతే తన చేతుల్లో ఏం మిగులుతుందో కూడా తెలుసు. ఇంకొకరి కడుపు పంట అని తెలిశాక ఏ పిల్లయినా మునుపటిలా అమ్మా అని పిలుస్తుందా?

ఆపిల్ ముక్కలు ఎండబోసే రోజు. పెరట్లో ఇద్దరే ఉన్నారు.

"ఆనెలీ, నిక్లాస్ నీకు అన్నయ్య కాడే."

పిల్ల చేతిలో కత్తి ఆగిపోయింది.

"నేను కన్న ఆనెలి నెలల పిల్లగా ఓడలో పోయింది. జ్వరం. గోనెగుడ్డలో చుట్టి సముద్రంలో వదిలారు. ఆ మర్నాడే మా పక్క పరుపు మీద బార్బ్లి అనే అమ్మాయి నిన్ను కని కన్ను మూసింది. మీ నాన్న అంతకు ముందే పోయాడు. అనాథ పిల్లంటే ఓడవాళ్లు ఛార్జీ కింద ఎవరింట్లోనో ఊడిగానికి రాసిచ్చేస్తారు. నాకేమో పాలు... బట్టలు తడిసిపోతున్నాయే తల్లీ. నువ్వు ఏడుస్తున్నావు. ఎత్తుకున్నాను."

"నీ చెల్లెలికి కూడా చెప్పలేదా?"

"అది రెండేళ్ల ముందే ఇక్కడికొచ్చేసింది. నాకు ఆనెలి పుట్టిందని కబురు విన్నది, ఆనెలిని చూసింది. ఇంత చిన్నగా ఉందేమిటే అంటే, ఓడలో తిండి లేక ఎదగలేదన్నాను. ఆ ఓడలో మమ్మల్ని ఎరిగినవాళ్లు కొందరు పోయారు, మిగిలినవాళ్లు దక్షిణానికి వెళ్లిపోయారు. ఊలికి తెలుసు, ఊలి నోరు విప్పలేదు."

"బార్బ్లి నాకేం పేరు పెట్టింది?"

"పెట్టేదాకా ఉండలేదు. పోయిన పిల్ల పేరు తర్వాతి పిల్లకు పెట్టడం మన ఆచారం కదా. అలాగే పెట్టుకున్నాను."

ఆనెలి లేచి చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆమె మాడ్లేనాను ఏమనీ పిలవలేదు. "ఇదిగో" అనేది. "నీళ్లు తెచ్చాను" అని గాలికి చెప్పినట్టు చెప్పేది. మాట కటువుగా ఉండేది కాదు, పిలుపు ఒక్కటే ఉండేది కాదు. అమ్మ అన్న ఆ ఒక్క పిలుపు కోసం చెవులు ఇంత ఆకలి పడతాయని మాడ్లేనాకు అంతవరకు తెలియదు. పాపిష్టి చెవులు!

ఆదివారం ప్రార్థన అయ్యాక బెండిక్ట్ ఈ పెళ్లి సంగతి తేల్చడానికి అందరినీ కూర్చోబెట్టాడు. మాడ్లేనా లేచి నిలబడి, ఓడ కథ మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. ఇల్లంతా గుసగుసలు. తేనె క్రిస్టెన్ ముందుగా నోరు చేసుకున్నాడు.

"బాగానే ఉంది! ఇన్నేళ్లూ లేనిది, పెళ్లి అడ్డం తిరిగేసరికి ఓడ గుర్తొచ్చిందా? ఇది నిజమైతే ఇన్నేళ్లూ మాకు అబద్ధం చెప్పినట్టు. అబద్ధమైతే ఇప్పుడు చెబుతున్నట్టు. మా పిల్లల పెళ్లిళ్లు నీ మాట నమ్మే కదా చేశాం, వాటి సంగతేంటి?"

ఎల్స్‌బెత్ ఉన్నచోటే లేచి నిలబడింది. మొహం ఎర్రగా కంది ఉంది.

"నా దగ్గర దాచినందుకు దీన్ని నేను క్షమిస్తానో లేదో తర్వాత మాట. కానీ క్రిస్టెన్, లోకంలో ఆడవాళ్లు బిడ్డను తెచ్చుకోడానికి అబద్ధమాడతారు. ఉన్న ఒక్క బిడ్డనీ వదులుకోడానికి ఎవతైనా ఆడుతుందా?"

బెండిక్ట్ గడ్డం నిమురుకున్నాడు. మంచివాడే, కానీ ఏ మాటైనా తేల్చి చెబితే తప్ప నిద్రపట్టని మనిషి.

"నేను నమ్ముతున్నాను. అయితే సంఘం ముందు ఒక్క ముక్కలో తేలాలి. మా అందరి వరసలూ నువ్వే చెప్పావు, ఇదీ నువ్వే చెప్పు. ఈ పిల్ల నీకు ఏమవుతుంది మాడ్లేనా?"

ఆమె ఆనెలి వైపు చూసింది. పిల్ల తల వంచుకుని ఉంది. దాని జడ తను పొద్దున అల్లిందే. పక్క వరుసలో నిక్లాస్ టోపీని నలిపేస్తున్నాడు.

"ఏమీ కాదు" అంది మాడ్లేనా.

చెప్పి కూర్చుంది. బెండిక్ట్ పెళ్లికి ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆమె గడప తొక్కి వరస అడిగినవాళ్లు లేరు. సంబంధాలు కుదుర్చుకునేవాళ్లు ఆమె ఇంటి ముందు నుంచే బండి తోలుకుని, వాగవతల ఒక ముసలాయన దగ్గరికి పోయేవాళ్లు. ఆయన రెండుసార్లు చెబితే ఒకసారి తప్పేవాడు. అయినా ఆయన దగ్గరికే పోయారు.

పెళ్లి ఎల్స్‌బెత్ ఇంట్లో జరిగింది. పెళ్లికూతురి పక్కన తల్లి కూర్చునే పీట ఖాళీగా పెట్టారు, ఎవరు కూర్చోవాలో ఎవరూ తేల్చలేదు కనక. మాడ్లేనా ఆ గది వైపే పోలేదు. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి, పొగబెట్టిన పందిమాంసం ఉడుకుతుంటే గరిటె తిప్పుతూ ఉంది. బెండిక్ట్ దీవెన ఇవ్వడం, అందరూ పాట అందుకోవడం గోడ అవతలి నుంచే విన్నది. పాట అయిపోయింది. బల్లలు జరుపుతున్న చప్పుడు.

ఆనెలి వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. తల మీద పెళ్లయినవాళ్ల తెల్లగుడ్డ కొత్తగా కట్టి ఉంది.

"ఒక వరస అడగాలి" అంది, ఊళ్లోవాళ్లు అడిగినట్టే.

మాడ్లేనా గరిటె తిప్పుతూనే ఉంది. "అడుగు."

"ఓడలో పోయిన ఆ పాప నాకు ఏమవుతుంది?"

గరిటె ఆగింది. మాడ్లేనా అలవాటు కొద్దీ లెక్క కట్టబోయింది. బార్బ్లి నుంచి, బార్బ్లి వాళ్ల ఊరి నుంచి, ఎటు నుంచి వచ్చినా దారి కలవలేదు. సంఘంలో అన్న మాటే ఇక్కడా అనాలి. గరిటె పక్కన పెట్టింది.

"తెలియదా? అయితే నేను చెబుతాను. దాని పాలు తాగాను. దాని పేరు పెట్టుకున్నాను. దాని పరుపు మీద పడుకున్నాను. నాకు అక్క అవుతుంది."

మాడ్లేనా గాభరాగా తలుపు వైపు చూసి ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "ష్, మెల్లగా! పెద్దాయన విన్నాడంటే పెళ్లి ఆగిపోతుంది."

ఆనెలి ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది గాని వదల్లేదు.

"పెళ్లి అయిపోయింది అమ్మా" అంది.